ట్రాన్స్‌ఫర్లు... మా చిన్నాన్న వేసిన ఒక్క ప్రశ్న

మా వాకాడులో ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి నేను చూడలేదు. వాలీబాల్ ఉంది, కబడ్డీ ఉంది, క్రికెట్ సరేసరి. స్వర్ణముఖి ఇసకలో మేము ఆడని ఆట లేదు గానీ, బంతిని కాలితో తంతే మాత్రం "చెప్పులు తెగిపోతాయి రా" అని ఇంట్లో తన్నేవాళ్ళు :). అలాంటి ఊరినుంచి వచ్చినవాణ్ణి, హైదరాబాదులో ఉద్యోగం వెలగబెడుతూ, నలభై దగ్గర పడ్డాక ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి వీరాభిమానినయ్యానంటే నాకే నవ్వొస్తుంది.

క్లబ్బు పేరు హైదరాబాద్ ఎఫ్‌సీ. పూణే క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో 2019లో పుట్టింది. సొంత మైదానం గచ్చిబౌలి స్టేడియం, అంటే మా ఆఫీసుకి కూతవేటు దూరం. నేను అభిమానినవడానికి అసలు కారణం ఇదే. ఆటమీద ప్రేమ తర్వాత వచ్చింది, ముందు వచ్చింది సాయంత్రం ట్రాఫిక్ తగ్గేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలన్న ఆలోచన. మొదటి సీజన్లో మావాళ్ళు పది జట్లలో పదో స్థానంలో నిలిచారు. మనకి అలవాటైన స్థానమే కదా అని సర్దుకున్నాను.

ఇక ఆఫీసు క్యాంటీన్లో చర్చలు ఎలా ఉండేవో చెప్పాలి. మా టీములో ఒక బెంగాలీ (మోహన్ బగాన్), ఒక మలయాళీ (కేరళ బ్లాస్టర్స్), నేను. ఒక్కడినే తెలుగువాణ్ణి, ఒక్కడినే ఓడిపోయే జట్టువాణ్ణి. వాళ్ళిద్దరూ తాతల కాలం నుంచి ఫుట్‌బాల్ చూస్తున్నట్టు మాట్లాడేవాళ్ళు. నేను రాత్రి యూట్యూబ్‌లో చదువుకొచ్చి పొద్దున అప్పజెప్పేవాణ్ణి.

2021 వేసవి నాకింకా గుర్తుంది. లిస్టన్ కొలాసో అనే కుర్రాణ్ణి మావాళ్ళు కోల్‌కతా క్లబ్బుకి అమ్మేశారు. కోటి రూపాయల దాకా వచ్చాయని, ఒక భారతీయ ఆటగాడికి అప్పటికి అదే రికార్డు అని పేపర్లో వచ్చింది. అంతకుముందు సీజన్లో పది గోల్స్ కొట్టిన అరిడానే సంటానా కూడా వెళ్ళిపోయాడు. వాళ్ళ బదులు ఎవర్ని తెచ్చారయ్యా అంటే బార్తొలోమ్యూ ఒగ్బెచె... 36 ఏళ్ళ నైజీరియా ఆటగాడు! నేను క్యాంటీన్లో శివాలెత్తిపోయాను. "కుర్రాణ్ణి అమ్మి తాతని కొన్నారు, ఇదేం పాలసీ" అని. బెంగాలీబాబు నవ్వి, "మీ కుర్రాడు మా దగ్గర సుఖంగా ఉంటాడులే" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ఆ తాతగారు ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకెళ్ళాడు. మేం ఫైనల్‌కి వెళ్ళాం.

అప్పట్లో నేను తిట్టిన ఇంకో మనిషి గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. అతని మీద నాకో పాత లెక్క ఉంది. 2015 ఫైనల్లో గోవా తరఫున ఆడుతూ, 90వ నిమిషంలో బంతిని తన గోల్‌లోకే పంపాడు. స్కోరు సమమై, ఆఖరి క్షణాల్లో చెన్నయిన్ గెలిచింది. ఆటంటే అసలు తెలియని రోజుల్లో ఎవరో పంపిన వీడియోలో చూశాను. అప్పటినుంచి "పెద్ద మ్యాచులకి పనికిరాడు" అని నా తీర్పు. 2022 మార్చి 20న అదే ఫతోర్డా స్టేడియంలో, కేరళ బ్లాస్టర్స్ మీద, 1-1 తర్వాత పెనాల్టీల్లో అతను మూడు ఆపాడు. 3-1తో కప్పు మాది. ఆరేళ్ళ కింద అదే గడ్డ మీద తలదించుకున్న మనిషి. నా తీర్పులకి ఎంత విలువ ఉందో నాకు ఆరోజే అర్థమయ్యుండాలి... కాలేదు.

(ఆ తర్వాత రెండు వారాలకి, ఏప్రిల్ 4న, మా వాకాడు కూడా ట్రాన్స్‌ఫర్ అయింది. ఉన్నచోటునుంచి ఇంచి కదలకుండా నెల్లూరు జిల్లానుంచి తిరుపతి జిల్లాకి! ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎవరికి ముట్టిందో తెలీదు.)

ఇంతకీ అసలు విషయానికొస్తాను.

2023 వేసవిలో మా జట్టు ఖాళీ అవడం మొదలైంది. కోచ్ మనోలో మార్కెజ్ గోవాకి. లెఫ్ట్‌బ్యాక్ ఆకాశ్ మిశ్రా ముంబైకి. ఒగ్బెచె వెళ్ళిపోయాడు. సివేరియో, బోర్హా హెరేరా ఈస్ట్ బెంగాల్‌కి.  ఆటగాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బులు బాకీ ఉన్నందుకు ఫీఫా నిషేధం పెట్టింది. దాని అర్థం ఏమిటంటే, పాత బాకీ తీర్చేదాకా కొత్త ఆటగాడి పేరు రిజిస్టర్ చేయించడానికి లేదు. వెళ్ళే తలుపు తెరిచే ఉంటుంది, వచ్చే తలుపుకి తాళం. 2024 జనవరిలో చింగ్లెన్‌సనా, యాసిర్ కూడా వెళ్ళారు. మిగిలింది చాలావరకు కుర్రాళ్ళు.

నేనేం చేశాను? వెళ్ళినవాళ్ళని తిట్టాను. "విశ్వాసం లేదు. కప్పు గెలిపించిన క్లబ్బు కష్టంలో ఉంటే వదిలేసి పోతారా" అని. క్యాంటీన్లో ఈసారి ఎవరూ నవ్వలేదు. మలయాళీ మిత్రుడైతే టీ ఇప్పించాడు. అంతకన్నా అవమానం ఏముంటుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీలో వరసగా రెండు నెలలు జీతాలు ఆలస్యమయ్యాయి. పెద్దవాళ్ళం మేము ఎలాగో నెట్టుకొచ్చాం. నా టీములో ఒక కుర్రాడు, మూడేళ్ళ అనుభవం, పనిలో చురుకు, రాజీనామా ఇచ్చాడు. కస్టమర్‌కి డెలివరీ ఇంకా ఆరు వారాలు. నేను గదిలోకి పిలిచి క్లాసు పీకాను. "ప్రాజెక్టు మధ్యలో వదిలేసి పోతే నీ పేరు ఏమవుతుంది? నేను నీకు నేర్పించింది ఇందుకేనా?" అన్నాను. తలొంచుకుని విన్నాడు, ఏమీ అనలేదు. వాడి గురించి నింపాల్సిన ఫారంలో కూడా రెండు ముక్కలు ఘాటుగానే రాశాను. కమిట్‌మెంట్ తక్కువ అని.

2024 మార్చిలో శివరాత్రికి ఊరెళ్ళాను. పండగ అయిన మర్నాడు సాయంత్రం అరుగు మీద కూర్చుని ఫోన్లో మ్యాచ్ చూస్తున్నా. చెన్నైలో, చెన్నయిన్ మీద. మా చిన్నాన్న రొయ్యల గుంటలనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని పక్కన కూర్చున్నాడు. మావైపు చెన్నై దగ్గర, హైదరాబాదు దూరం. అందుకని ఆయన మొదటి అనుమానం, "మనం ఎవురి పక్క అబ్బయా?"

"హైదరాబాదు, చిన్నాన్నా. పసుపు చొక్కాలు మనవి."

"మనోళ్ళెవురైనా ఉండారా దాంట్లో?"

తెలుగువాళ్ళెవరూ లేరన్నాను. మరి మనమేంది అన్నట్టు చూశాడు. ఇక నేను మొదలుపెట్టాను. కప్పు గెలిచిన సంగతి, ఒక్కొక్కడూ వెళ్ళిపోయిన సంగతి, ఈ సీజన్లో ఇంతవరకు ఒక్క మ్యాచ్ కూడా గెలవని సంగతి, విశ్వాసం లేని మనుషుల సంగతి... ఓ పావుగంట వాయించాను. ఆయన ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు.

"జీతాలు ఇస్తుండారా?"

నోరు పెగల్లేదు. లేదన్నాను.

"మరి ఇంకేంది? మన గుంటల కాడ రాత్రి కాపలా వాడికి రెండు నెలలు ఇయ్యకపోతే మూడో నెల ఉంటాడా? వాడికీ ఇల్లుండాది గదా. పోయినోడిని ఎందుకు అంటావు? ఇయ్యనోడిని అను." అనేసి లోపలికి వెళ్ళిపోయాడు. మ్యాచ్ 1-0తో మేమే గెలిచాం. ఆ సీజన్ మొత్తానికి మాకు అదొక్కటే గెలుపు. 22 మ్యాచులకి 8 పాయింట్లు, ఆఖరి స్థానం. గెలిచిన ఆనందం మాత్రం నాకు ఆ రాత్రి లేదు. కుర్రాడి తలొంచుకున్న మొహమే గుర్తొస్తోంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఈ ఊరి ఫుట్‌బాల్ చరిత్ర చదివాను. మీలో చాలామందికి 'మైదాన్' సినిమా వల్ల సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు తెలిసే ఉంటుంది. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం... రెండిటికీ కోచ్ ఆయనే. ఆ పోలీస్ జట్టులో నన్ను ఆకట్టుకున్న విషయం ఆట కాదు. వాళ్ళు పోలీసు శాఖలో ఉద్యోగులు. బంతి తన్నినా తన్నకపోయినా ఒకటో తారీఖు జీతం వస్తుంది. ఆ భరోసా మీద కట్టిన జట్టు అది.

అలాగని అందరూ ఉండిపోయారా? లేదు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అక్కడే స్థిరపడ్డాడు, 2023 ఫిబ్రవరిలో అక్కడే పోయాడు. ఆయనకి విశ్వాసం లేదని ఇవాళ ఎవరైనా అంటామా? మన ఊరివాడు అని గొప్పగా చెప్పుకుంటున్నాం. మరి వాకాడునుంచి గూడూరు వెళ్ళి, అక్కడ రైలెక్కి హైదరాబాదు వచ్చి, ఇరవై ఏళ్ళలో నాలుగు కంపెనీలు మారిన నాకు విశ్వాసం గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది?

కాస్త న్యాయంగా కూడా మాట్లాడుకోవాలి. ట్రాన్స్‌ఫరంటేనే తప్పని నేననను. 2021లో అమ్మారు, బదులు తెచ్చారు, కప్పు గెలిచారు. అది వ్యాపారం, తెలివైన వ్యాపారం. 2023లో జరిగింది అది కాదు, ఇల్లు కాలుతుంటే మనుషులు బయటికి పరిగెత్తారు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి: ఫలానా వాడు వెళ్ళిపోయాడు అని ఒక వార్త. ఎవడి ఫామ్ ఎలా ఉంది, ఎవణ్ణి కొనాలి, ఎవణ్ణి వదిలేయాలి అని గంటలు గంటలు కొట్టుకున్న మేము, అడగాల్సిన మొదటి ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. రొయ్యల గుంటల మనిషికి అది పావుగంటలో తట్టింది.

కుర్రాడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. నేను అన్నది తప్పు, రాసిందీ తప్పు అని మెసేజి పెట్టాను. రెండు రోజుల తర్వాత "థాంక్సన్నా" అని వచ్చింది. అంతే. అంతకన్నా ఎక్కువ ఆశించడానికి నాకు అర్హత లేదు.

క్లబ్బు కథ కూడా ముగిసింది. 2024లో యజమానులు మారారు, ఆ సీజన్లో 13 జట్లలో 12వ స్థానం, 2025లో క్లబ్బునే ఢిల్లీకి తీసుకెళ్ళి పేరు మార్చేశారు. ఆటగాళ్ళు వెళ్ళారని ఏడ్చినవాళ్ళకి క్లబ్బే వెళ్ళిపోతే ఏమనాలో తెలీదు. బెంగాలీబాబు "ఇక మాలో చేరిపో" అన్నాడు. ఆలోచిస్తానన్నాను, నోటీస్ పీరియడ్ ఉందని :).

నా పసుపు జెర్సీ మొన్న ఊరికి తీసుకెళ్ళి చిన్నాన్న మనవడికి ఇచ్చాను. వాడు దాన్ని మోకాళ్ళదాకా వేసుకుని వాలీబాల్ ఆడుతున్నాడు. చిన్నాన్న చూసి, "ఆ టీము జీతాలు ఇచ్చిందా చివరికి?" అని అడిగాడు. ఆయనకి స్కోర్లేవీ గుర్తులేవు, అదొక్కటే గుర్తుంది.

మీ టీముల్లో ఎవరైనా ఈ మధ్య వెళ్ళిపోయారా? వెళ్ళేటప్పుడు వాళ్ళతో ఏమన్నారో ఒక్కసారి గుర్తుచేసుకోండి.