మంత్రగాడి దర్యాప్తు

సీతంపేట కొండల మీద ముసురు పట్టిన సాయంత్రాలకు నాకు హ్యారీ డ్రెస్డెన్ తోడు. షికాగోలో ఆఫీసు తెరుచుకుని కూర్చున్న మంత్రగాడు, డిటెక్టివు కూడా. జిమ్ బుచర్ 2000లో మొదలుపెట్టిన ఈ వరస 2020 నాటికి 17 నవలలైంది. హ్యారీకి మంత్రాలొచ్చుగానీ చేతిలో డబ్బు నిలవదు. అందుకే నచ్చాడేమో. ఒకప్పుడు మధుబాబు షాడో నవలల కోసం అద్దె పుస్తకాల కొట్టు దగ్గర కాచుకున్న ఆత్రమే మళ్లీ.

ఈ కొండల్లో కూర్చుని చదువుతుంటే మంత్రం తెలిసినవాళ్లు కూపీ లాగడం కొత్త ఊహేమీ కాదనిపిస్తుంది. ఒడిశా వైపు సవర గిరిజనుల పల్లెల్లో పూనకం వచ్చిన పూజారిణి నోట చనిపోయినవాళ్లు మాట్లాడేవారు. ఎలా పోయావు, ఎవరు తీసుకుపోయారు అని అయినవాళ్లు అడిగేవారు. ఏడ్చేవారు, దెబ్బలాడేవారు, మధ్యలో వేళాకోళమూ ఆడేవారు. మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ అక్కడ ఉండి, విని, ఆ మాటల మీద 1993లో పుస్తకం రాశాడు.

దోషి దొరికితే డ్రెస్డెన్ కేసు తేలిపోతుంది. సవరల దర్యాప్తు అలా కాదు, పోయినవాడి బాధ చల్లారేదాకా ఏళ్ల తరబడి నడిచేది. నా ఓటు దీనికే. కానీ ఆ పల్లెల్లో కొత్త తరం చాలావరకు క్రైస్తవంలోకి వెళ్లింది. విటెబ్‌స్కీ 2017లో తెచ్చిన మరో పుస్తకం, ఆ మాటలు ఆగిపోవడం గురించే.