రెండు సముద్రాల నడుమ... ఒక ఊరుండేది!

రామేశ్వరం ప్రయాణం అనగానే ఇంట్లో ఒక్కొక్కరి ఆలోచన ఒక్కో దారిన పోతుంది. నాయనమ్మకు సేతుస్నానం, ఇరవై రెండు తీర్థాలు. మనవడికి సముద్రం మీద రైలు. నాన్నకు నాలుగు రోజుల సెలవులో మదురై మీనాక్షిని కూడా ఎలా కలపాలా అన్న లెక్క. అమ్మకేమో తడిబట్టలు ఎక్కడ ఆరేయాలన్న బెంగ! ఇంటిల్లిపాదికీ ఏదో ఒకటి దొరికే ఊళ్లు దేశంలో తక్కువే. అయితే తిరిగొచ్చాక నెలల తరబడి అందరూ చెప్పుకునేది మాత్రం ద్వీపం చివరన ఉన్న ధనుష్కోటి గురించే. అక్కడ చూడ్డానికి ఉన్నవి నాలుగు మొండిగోడలు.

రైల్లో వెళ్తేనే రామేశ్వరం వెళ్లినట్టు. మండపం స్టేషను దాటాక పెట్టెలో మాటలు ఆగిపోతాయి. ఏ కిటికీలోంచి చూసినా నీళ్లే. పాంబన్ పాత వంతెన మీద 1914లో రైళ్లు మొదలయ్యాయి. మన దేశంలో సముద్రం మీద కట్టిన మొదటి వంతెన అది. ఓడ వస్తే మధ్యభాగం రెండు రెక్కల్లా విచ్చుకునేది. సిబ్బంది అటూ ఇటూ నిలబడి చేతులతో మీటలు తిప్పి ఆ రెక్కల్ని లేపేవారు. ఉప్పుగాలికి తుప్పు తిని తిని అలిసిపోయిన ఆ వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు ప్రారంభమైంది. పొడవు 2.08 కిలోమీటర్లు. మధ్యలో 72.5 మీటర్ల భాగం లిఫ్టులాగా నిటారుగా పైకి లేస్తుంది. ఆ సమయానికి ఓడ రావాలని పిల్లలు కోరుకుంటారు. రైలాగిపోతుందేమోనని పెద్దవాళ్ల భయం!

ఊళ్లోకి అడుగుపెట్టాక మొదటి పని అగ్నితీర్థం. పేరు అగ్ని, ఉన్నది సముద్రం. విశాఖ తీరంలో కెరటాలు చూసిన కళ్లకు ఇక్కడి నీళ్లు చెరువులా అనిపిస్తాయి. స్నానం చేసి తడిబట్టలతోనే గుళ్లోకి వెళ్తే ఇక చేద బావుల వరస. బావి గట్టు మీద నిలబడిన మనిషి తాడు కట్టిన చిన్న బకెట్‌తో తోడి నెత్తిన గుమ్మరిస్తాడు. ఒకచోట నీళ్లు చల్లగా, ఇంకోచోట గోరువెచ్చగా ఉంటాయి. పది బావులు దాటేసరికి తాతయ్య పళ్లు టకటకలాడుతుంటాయి. పిల్లలకు మాత్రం అదొక ఆట. రాతినేల జారుతుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించాలి. తడిబట్టలతో మూలవిరాట్టు దగ్గరకు పంపరు. పొడిబట్టల సంచి వెంట లేకపోతే మళ్లీ గదికి పరుగే.

గుడి మూడో ప్రాకారం గురించి ఎంత చెప్పినా తక్కువే. 1212 స్తంభాలు. ఒక కొసన నిలబడి చూస్తే రెండో కొసన మనిషి చీమంత. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రాతిచల్లదనంలో కూర్చుంటే లేవబుద్ధి కాదు. కాశీయాత్ర మొక్కుకున్నవాళ్లు ఇక్కడి ఇసుక తీసుకెళ్లి ప్రయాగలో కలుపుతారు, అక్కడి గంగనీళ్లు తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయిస్తారు. మన తాతముత్తాతలు నడిచీ బండి కట్టీ ఏళ్లకేళ్లు చేసిన యాత్ర అది. ఇప్పుడు రిజర్వేషను దొరికితే చాలు!

గుడికి కూతవేటు దూరంలో మసీదు వీధి. 1931 అక్టోబరు 15న అబ్దుల్ కలాం పుట్టింది ఈ ఊళ్లోనే. ఆ వీధిలోని ఇంటిని ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంచారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రైలు రామేశ్వరంలో ఆగడం మానేసింది. వార్తాపత్రికల కట్టల్ని వెళ్తున్న రైల్లోంచే విసిరేసేవారు. వాటిని ఏరుకుని ఇంటింటికీ పంచే బంధువుకు సాయపడి చిన్న కలాం తొలి సంపాదన అందుకున్నాడు. పేపరు చదువుతూ కాఫీ తాగే ఇళ్లలో పిల్లలకు చెప్పదగ్గ కథ.

ఆ రైలు వెళ్లేది ధనుష్కోటికి. మద్రాసు ఎగ్మూరులో బోట్ మెయిల్ ఎక్కితే ధనుష్కోటి రేవు దాకా రైలు, అక్కడి నుంచి సిలోన్‌లోని తలైమన్నారుకు ఓడ, మళ్లీ రైలు... అలా కొలంబో చేరేవారు. రైల్వేస్టేషను, తపాలా కార్యాలయం, బడి, చర్చి, కస్టమ్స్ ఆఫీసు అన్నీ ఉన్న కళకళలాడే రేవు అది. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి తుపాను విరుచుకుపడింది. పాంబన్ నుంచి బయల్దేరిన ప్యాసింజరు రైలు ధనుష్కోటి స్టేషను కాస్త దూరంలో ఉందనగా ఉప్పెనలో కొట్టుకుపోయింది. అందులోని వందమందికి పైగా ప్రయాణికుల్లో ఎవరూ మిగల్లేదు. మొత్తం మీద 1800 మంది దాకా చనిపోయారని అంచనా. మహానటి సావిత్రి, జెమినీ గణేశన్ కూడా ఆ రాత్రి రామేశ్వరంలోనే తుపానులో చిక్కుకున్నారు. పాంబన్ వంతెన గడ్డర్లు చాలావరకు సముద్రం పాలయ్యాయి. అప్పటికి యువ ఇంజినీరైన శ్రీధరన్ వాటిని వెతికి తీయించి 46 రోజుల్లో వంతెనను నిలబెట్టారు. తర్వాత ఢిల్లీ మెట్రో కట్టిందీ ఆయనే. వంతెన లేచింది కానీ ఊరు లేవలేదు. మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది.

ఒకప్పుడు ఇసుకలో, నీళ్లలో ఎగిరెగిరి పడే వ్యాన్లలోనే అక్కడికి వెళ్లాల్సి వచ్చేది. 2017 నుంచి ద్వీపం కొస అరిచల్‌మునై దాకా తారురోడ్డు ఉంది. దారి పొడవునా ఒకపక్క బంగాళాఖాతం, మరోపక్క మన్నారు సింధుశాఖ. నెమ్మదిగా ఉండేదాన్ని ఆడసముద్రమనీ, ఎగిసిపడేదాన్ని మగసముద్రమనీ స్థానికులంటారు. (ఇది విన్న ఇల్లాళ్లు భర్తల వైపు ఎందుకు చూస్తారో చెప్పక్కర్లేదు!)

రోడ్డు పక్కనే చర్చి మొండిగోడలు, పైకప్పు లేని స్టేషను. ఆ గోడల ముందు ఫొటోలకు పోజులిచ్చేవాళ్లూ, పైకెక్కి కేకలేసేవాళ్లూ ఉంటారు. కార్లు దిగి వచ్చి చిప్స్ ప్యాకెట్లు అక్కడే వదిలేసిపోయేవాళ్లకూ కొదవలేదు. చూసేవాళ్లకు కష్టంగానే ఉంటుంది, అది శ్మశానం లాంటి చోటు కదా. కానీ దివిసీమ నుంచి వచ్చిన పెద్దవాళ్లు అక్కడ ఫొటోలు అడగరు. 1977 నవంబరు 19 రాత్రి వాళ్లకు గుర్తుంది. ‘నీళ్లు తాటిచెట్టంత ఎత్తు వచ్చాయట’ అని గైడు చెబుతుంటే, ‘వస్తాయి బాబూ’ అని ఊరుకుంటారు. ఆ ఒక్క మాటతో పిల్లల అల్లరి ఆగుతుంది. అప్పటిదాకా ఎన్నడూ నోరు విప్పని తాతయ్య, తప్పిపోయిన తమ్ముడి పేరు మొదటిసారి చెప్పేది ఇలాంటి చోటే కావచ్చు.

ఊరు పోయినా మనుషులు పూర్తిగా పోలేదు. జాలరి కుటుంబాలు పాకలు వేసుకుని అక్కడే ఉన్నాయి. చుట్టూ ఉప్పు సముద్రం, అయినా ఇసుకను చేతులతో నాలుగడుగులు తవ్వితే మంచినీళ్లు ఊరతాయి! గవ్వల దండలు అమ్మే ఆడవాళ్లు అడిగితే చూపిస్తారు, దోసిట్లో పోస్తారు. తాగి చూస్తేగానీ నమ్మకం కుదరదు. వాళ్ల మగవాళ్లు వేటకు వెళ్లే నీళ్లలో కంటికి కనిపించని సరిహద్దు ఉంది. దాటారంటూ శ్రీలంక నౌకాదళం పట్టుకెళ్తే పడవ తిరిగొస్తుందో లేదో తెలీదు. 2022లో శ్రీలంకలో తిండికి కటకటలాడినప్పుడు, పసిపిల్లల్ని ఎత్తుకుని వచ్చిన కుటుంబాలు ఈ కొసకు దగ్గర్లోని ఇసుకతిన్నెల మీదే దిగాయి. చలికాలంలో వచ్చే అతిథులు వేరు... రాజహంసలు. పులికాట్‌లో వాటిని చూసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. 2025 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని వాటి అభయారణ్యంగా ప్రకటించింది.

వెళ్లాలనుకుంటే నవంబరు, డిసెంబరు వానలు దాటాక జనవరి, ఫిబ్రవరి నెలలు హాయి. మదురై నుంచి రోడ్డు మీద 170 కిలోమీటర్లు. భువనేశ్వర్-రామేశ్వరం వారపు రైలు విశాఖ, విజయవాడల మీదుగా వెళ్తుంది. గుడి చుట్టుపక్కల తెలుగు బోర్డులున్న భోజనశాలలు బాగానే కనిపిస్తాయి, అయినా ఆవకాయ సీసా సంచిలో ఉంటే ధైర్యం. ధనుష్కోటికి పొద్దున్నే బయల్దేరడం మేలు. చీకటి పడేవేళకు అక్కడ ఎవరినీ ఉండనివ్వరు. పోలీసులు ఈలలేసి అందర్నీ వెనక్కి పంపేస్తారు. ఆ తర్వాత అక్కడ మిగిలేది జాలర్ల పాకలు, రెండు సముద్రాల హోరు.