మామ్మ గదికి గాలి దారి

మా ఇల్లు తణుకులో. మూడేళ్ళ క్రితం పక్క స్థలంలో ఇల్లు లేచింది. వాళ్ళ గోడ మా గోడకి ఆనుకునే వచ్చింది. దాంతో మా మామ్మ గదికున్న ఒక్క కిటికీ, ఆ గది బాత్‌రూమ్ వెంటిలేటర్, రెండూ మూసుకుపోయాయి. వర్షాకాలం వచ్చేసరికి గోడ మూలల్లో నల్లటి బూజు, దుప్పట్లకి ముక్కిన వాసన. అసలే మామ్మకి ఆయాసం.

పోయిన వేసవి సెలవులకి ఇంటికెళ్తే నాన్న అన్నారు: "మెకానికల్ చదువుతున్నావు కదరా, దీనికేదైనా మార్గం చూడు." మా ఇంట్లో నా చదువుతో ఒక పని పడడం అదే మొదటిసారి.

మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాలంటే బయటి గోడ ఉండాలి. ఆ గదికి అదే లేదు. ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్ అయితే గొట్టం మధ్యలో కూర్చుంటుంది. బాత్‌రూమ్ పైకప్పులో ఒక జాలీ, అక్కణ్ణుంచి అటక మీదుగా పన్నెండు అడుగుల గొట్టం, చివర పెరటి గోడకి కన్నం. ఫ్యాన్ అటక మీద ఉంటుంది కాబట్టి మామ్మ నిద్రకి చప్పుడు కూడా తగ్గుతుంది.

లెక్క వేశాను. గది, బాత్‌రూమ్ కలిపి సుమారు 1200 ఘనపుటడుగులు. గంటకి 6 సార్లు గాలి మారాలనుకుంటే నిమిషానికి 120, అంటే 120 సీఎఫ్ఎం. షాపులో అతను "4 అంగుళాలది చాలు బాబూ" అన్నాడు. కానీ డబ్బా మీద రాసే అంకె ఏ అడ్డూ లేనప్పటిది. గొట్టం, వంపులు, జాలీ కలిస్తే అంత గాలి రాదు. పైగా ఒకే ప్రవాహానికి పీడన నష్టం వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా ఉంటుందని మనం పరీక్షల కోసం బట్టీపట్టిందే కదా! 4 నుంచి 6 అంగుళాలకి వెళ్తే నష్టం ఏడో వంతు కన్నా తక్కువకి పడిపోతుంది. 6 అంగుళాలదే తీసుకుని తక్కువ స్పీడులో పెట్టాను.

ఎలక్ట్రీషియన్ గారూ నేనూ ఒక పూటలో బిగించాం. ఫ్లెక్సిబుల్ గొట్టాన్ని ముడతలు లేకుండా సాగదీశాం, ఆవిరి నీరైతే వెనక్కి కారకుండా పెరటివైపు వాలు ఇచ్చాం, అటక అదరకుండా ఫ్యాన్ కింద రబ్బరు ముక్కలు పెట్టాం. స్విచ్ వేసి జాలీ దగ్గర టిష్యూ పెడితే టక్కున అతుక్కుంది. ఇంటిల్లిపాదీ చూసి సంబరపడ్డారు.

మూడోరోజు మామ్మ అంది: "ఒరేయ్ అబ్బాయ్, నీ ఫ్యాను తిరుగుతుంది గానీ వాసన పోలేదురా."

"టైమ్ పడుతుంది మామ్మా" అని ఆవిడకి లెక్క చెప్పాను. అవును, ఎనభై ఏళ్ళావిడకి సీఎఫ్ఎం చెప్పాను.

ఆ రాత్రి మంచినీళ్ళిద్దామని వెళ్తే తలుపు ఎవరో లోపలికి లాగినట్టు బిగుసుకుని ఉంది. లోపలికెళ్ళి తలుపేసి మళ్ళీ టిష్యూ పెట్టాను. వేళ్ళాడి కింద పడిపోయింది. మామ్మ ఎప్పుడూ తలుపేసుకునే పడుకుంటుంది. నేను పరీక్షించింది తలుపు తీసి. తలుపు కింద సందు లేకుండా రబ్బరు పట్టీ ఉంది. గదిలోకి జెర్రి వచ్చిందని సంక్రాంతి సెలవుల్లో దాన్ని కొట్టింది కూడా నేనే! బయటికి పోయే దారి పైసాతో సహా లెక్కగట్టాను. లోపలికొచ్చే దారిని నా చేత్తో నేనే మూశాను.

మర్నాడు వడ్రంగిని పిలిచి తలుపు అడుగున అడుగు వెడల్పు, అరడుగు ఎత్తున కోయించి, జెర్రులు రాకుండా మెష్ వేయించాను. ఇప్పుడు హాల్లో గాలి అందులోంచి వస్తుంది. తలుపేసినా టిష్యూ అతుక్కుంది.

మామ్మ ఆయాసం తగ్గిందని చెప్పను. అది మందులతో నడుస్తోంది. కానీ ఈ వర్షాకాలం, సున్నం వేశాక, మూలల్లో బూజు మళ్ళీ రాలేదు.

ఫ్యాను 40 వాట్లది. రోజంతా తిరిగితే యూనిట్ లోపే. అయినా కరెంటు దండగని మామ్మ ఆపేస్తోందట. రాత్రి ఫోన్ చేసినప్పుడల్లా "భోంచేశావా?" కన్నా ముందు "ఫ్యాన్ వేశావా?" అని అడుగుతున్నాను.