ఆముదపు చెట్టు

1991వ సంవత్సరమున నేను నల్లగొండ జిల్లాలోని యొక పల్లెయందు తెలుగు పండితుడనుగా నుంటిని. ఒకనాడు ఎనిమిదవ తరగతివారికి సామెతలు బోధించుచు, ‘ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షము’ అనుదానిని వివరించి, ఆ చెట్టును మిక్కిలి తేలికచేసి మాటలాడితిని. వెనుక వరుసనుండి యొక బాలుడు లేచెను. వాని తండ్రిది ఆముదపు సేద్యము.

“సారూ! ఆముదముతో బస్సు నడుచునా?”

“బస్సు కదలునో లేదోగాని, నీ కడుపు కదలుట నిశ్చయము” అంటిని. తరగతియంతయు నవ్వెను. వాడు తలవంచుకొని కూర్చుండెను. మఱల ఆ యేడు నన్నొక్క ప్రశ్నయు అడుగలేదు.

ఆ సాయంకాలము ఈ ముచ్చట చెప్పగా మా సామాన్యశాస్త్రోపాధ్యాయుడు నవ్వలేదు. మూకుడులో నూనె మితిమీఱి కాగినచో కన్నులు మండించు పొగ వచ్చును గదా. అది నూనె యణువులు విఱుగుటచేతనే యట. మూసిన పాత్రలో, గాలి చొరనీయక, నాలుగైదువందల డిగ్రీలకు కాచినచో, నూనెలోని పొడవైన కర్బనపు గొలుసులు తెగి చిన్నవగును. ఆ యావిరిని చల్లార్చినచో పెట్రోలు, డీజిలు వంటి ద్రవములు లభించును. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు దొరకక చైనావారు టుంగుగింజల నూనెను సున్నముతో సబ్బుగా మార్చి, దానిని బట్టిపట్టి వాహనములకు ఇంధనము తీసిరట. (బట్టిపట్టుట కట్టి యర్థము కూడ కలదని మా విద్యార్థులెఱుగరు.)

అయినను ఆముదమును ఇంధనముగా తగులబెట్టుట దుబారా యని నాకు తోచును. దాని విశేషము వేఱు. అది నాకు పదవీవిరమణానంతరము, 2019లో, చదువగా తెలిసెను. ఆముదములోని ముఖ్యామ్లమునందు 18 కర్బన పరమాణువుల గొలుసు కలదు. తీవ్రమైన వేడిమిలో అది పదునొకండవ, పండ్రెండవ పరమాణువుల నడుమ తెగును. చెఱకును కణుపువద్ద విఱిచినట్లే. ఏడు పరమాణువుల తునక హెప్టనాల్. దానినుండి మల్లెజాతి పరిమళద్రవ్యమును చేయుదురు. ఆముదమునుండి మల్లెల వాసన! పదునొకండు పరమాణువుల తునకనుండి నైలాను-11 పుట్టును. దాని గొట్టములు లారీల గాలిబ్రేకులలో వాడబడుచున్నవి. బండి నడుచుటకే కాదు, ఆగుటకును ఆముదము పనికివచ్చును.

గత వేసవిలో ఆ పల్లెకు పోయితిని. నాటి బాలుడు నెరసిన మీసముతో చేనిగట్టున ఎదురై నమస్కరించెను. నాటి తప్పును ఒప్పుకొని, తెలిసినదంతయు చెప్పితిని. వాడు శ్రద్ధగా వినెను.

“మంచిమాట సారూ! కాని మేము ఆముదము వేయుట మాని చాలకాలమైనది. ఇప్పుడంతయు ప్రత్తియే.”