మండలే కారాగృహమున గీతావిచారము

భగవద్గీతను వృద్ధాప్యమునకై దాచియుంచు ఆచారము హిందూగృహములలో చిరకాలముగా నున్నది. ఉద్యోగవిరమణము జరిగి, సంతానమునకు వివాహములై, కాళ్లలో సత్తువ తగ్గిన పిమ్మట పూజాపీఠముపైనున్న గ్రంథమును దించి, దుమ్ము దులిపి విప్పుదురు. లోకమాన్య బాలగంగాధర తిలక్ ఈ ఆచారమును అంగీకరింపలేదు. సంసారమున చేయవలసినవన్నియు ముగిసిన పిదప చదువుకొను గ్రంథము గీత కాదనియు, సంసారమును ఎట్లు నడుపవలెనో తెలుపు శాస్త్రము గనుక వీలైనంత చిన్నవయస్సుననే దానిని అవగతము చేసికొనవలెననియు ఆయన గీతారహస్య పీఠికలో కోరెను.

ఈ అభిప్రాయమునకు బీజము 1872లో పడినది. అప్పటికి తిలకునకు పదునారేండ్లు. మరణశయ్యపైనున్న తండ్రికి గీతను మరాఠీ వ్యాఖ్యతో చదివి వినిపించు బాధ్యత ఆ బాలునిపై పడెను. చదువుచుండగా ఒక సంశయము పుట్టెను. యుద్ధము చేయనని ధనుస్సు విడిచి కూలబడిన క్షత్రియుని యుద్ధమునకు పురికొల్పుటకై చెప్పిన గ్రంథమున, జ్ఞానముచేతనో భక్తిచేతనో మోక్షమును పొందు విధానము మాత్రమే ఏల ఉండవలెను? వ్యాఖ్యాతలెవ్వరును ఆ బాలుని తృప్తిపరుపలేదు. సమాధానము గ్రంథరూపము దాల్చుటకు దాదాపు నలుబదియేండ్లు పట్టెను. ఆ నలుబదియేండ్లును ఆయన గ్రంథాలయమున గడుపలేదు.

డెక్కన్ కళాశాలలో చేరిన మొదటి సంవత్సరమును, తన దేహము దుర్బలమని యెరిగి, వ్యాయామమునకే వినియోగించెను. న్యాయశాస్త్రపట్టము పొందియు న్యాయవాదవృత్తిలోనికి పోక, 1880లో మిత్రులతో కలిసి పుణెలో న్యూ ఇంగ్లీషు స్కూలును స్థాపించెను. మరుసటి యేట కేసరి, మరాఠా పత్రికలు వెలువడెను. వీనిని గూర్చి అందరును వ్రాసినదే. అంతగా వ్రాయబడనిది క్షామకాలమున ఆయన చేసిన పని.

1896లో వర్షములు విఫలమై పశ్చిమభారతమున క్షామము వ్యాపించెను. అట్టి కాలమున ప్రజలకు పని కల్పించుట, శిస్తును నిలుపుట మొదలగు విషయములలో ప్రభుత్వమే పూర్వము నిబంధనలను ఏర్పరచియుండెను. అందేమున్నదో రైతునకు తెలియదు; తెలుపవలెనని అధికారికి తోచలేదు. తిలక్ ఆ నిబంధనలను మరాఠీలో వివరించి కేసరిలో ప్రకటించెను. కార్యకర్తలు గ్రామములకు వెళ్లి చెప్పిరి. శిస్తు కట్టుటకై ఎద్దులను, భూమిని అమ్ముకొనవలదని ఆయన రైతులను హెచ్చరించెను. ధైర్యమనగా ఖడ్గము దూయుటయే యని తలచువారికి ఇది స్వల్పకార్యముగా తోచవచ్చును. కాని శాసనము తనకేమి ఇచ్చినదో తెలిసికొని, అధికారి యెదుట నిలిచి దానిని అడుగుట నిరక్షరుడైన కర్షకునకు ఏ యుద్ధమునకును తీసిపోని సాహసము. అడిగించుటకు మరికొంత సాహసము కావలెను.

మరుసటి సంవత్సరము పుణెను ప్లేగు ముట్టడించెను. నాయకులలో అనేకులు పట్టణము విడిచిపోయిరి. తిలక్ పోలేదు. హిందువులకొక ప్లేగువైద్యశాలను నెలకొల్పెను. గృహశోధనము చేయు దళముల వెంట తానును స్వచ్ఛందముగా వెళ్లెను. రోగులను వేరుపరచుట, గృహశుద్ధి అవసరములే యని ఆయన వాదించెను. ఆ పేరిట సైనికులు సాగించిన దౌర్జన్యమును అదే లేఖినితో ఖండించెను. అధికారమును గ్రుడ్డిగా సమర్థించుటయు, గ్రుడ్డిగా ఎదిరించుటయు సులభములు. ఒకే నోట ఈ రెండు మాటలు చెప్పువానిని ఇరుపక్షములును నమ్మవు. ఆ సంవత్సరముననే ప్లేగు అధికారి రాండ్ హత్య జరుగగా, కేసరి వ్రాతలపై రాజద్రోహము మోపి తిలకునకు 18 మాసముల శిక్ష విధించిరి.

1908లో మరల రాజద్రోహాభియోగము వచ్చెను. తన పక్షమున తానే దినములకొలది వాదించుకొనెను. న్యాయసభ్యులు తొమ్మిదిమందిలో ఏడుగురు దోషి యనిరి. శిక్షకు ముందు చెప్పవలసినదేమైన కలదా యని అడుగగా, సభ్యులేమన్నను తాను నిరపరాధి నేననియు, లోకగతిని నడుపు ఉన్నతశక్తులు వేరే కలవనియు, తన స్వేచ్ఛకన్న తన క్లేశమువలననే చేపట్టిన కార్యము వర్ధిల్లవలెనని వాని సంకల్పమేమో యనియు పలికెను. జస్టిస్ దావర్ ఆరు సంవత్సరముల ద్వీపాంతరవాసము విధించెను. మరునాటికి తిలకునకు 52 ఏండ్లు నిండెను. బొంబాయి మిల్లు కార్మికులు ఆరు దినములు పని మానిరి.

బర్మాలోని మండలే కారాగృహమున ఆయనకు కొయ్యతో కట్టిన గది యిచ్చిరి. మధుమేహము, ఎండ, ఏకాంతము. పుస్తకములు తెప్పించుకొన అనుజ్ఞ దొరకెను, సిరాకు దొరకలేదు. 1910-11 శీతకాలమున, కొలది మాసములలో, పెన్సిలుతోనే ఆయన గీతారహస్యమును వ్రాసి ముగించెను. 1912లో ధర్మపత్ని సత్యభామాబాయి పుణెలో కన్నుమూసెను. ఆ వార్త తంత్రీముఖమున చెరసాలకు చేరెను.

అట్టి స్థితిలోనున్న మనుష్యుడు వైరాగ్యగ్రంథమును రచించియుండిన ఎవ్వరును ఆశ్చర్యపడియుండరు. ఆయన రచించినది కర్మయోగశాస్త్రము. శంకరభగవత్పాదుల అద్వైతతత్త్వమును ఆయన నిరాకరింపలేదు, బ్రహ్మాత్మైక్యమును అంగీకరించెను. భేదమంతయు ఒక్కచోటనే యున్నది: జ్ఞానోదయానంతరము కర్మను విడువవలెనా, చేయవలెనా? మూడవ అధ్యాయమున జనకుని ప్రస్తావనను, పొందవలసినదేదియు లేకున్నను తాను కర్మమందే వర్తించుచున్నానని భగవానుడు చెప్పిన మాటను ఆధారము చేసికొని, లోకసంగ్రహమునకై జ్ఞాని మరణపర్యంతము కర్మ చేయవలసినదే యని తిలక్ సిద్ధాంతీకరించెను. సంప్రదాయజ్ఞులు దీనిని ఒప్పుకొనలేదు. వారి ఆక్షేపణలో బలము లేకపోలేదు. చిత్తశుద్ధి కలుగకమున్నే లోకహితమని బయలుదేరినవాడు తన అహంకారమునకే సేవ చేయవచ్చును. అయితే ఆసేతుహిమాచలము నడచి, వాదములు సల్పి, భాష్యములు రచించిన శంకరుల జీవితమును చూచినవారికి, తిలక్ పక్షమున సాక్ష్యము చెప్పువారిలో ఆచార్యులే మొదటివారని తోచకమానదు.

ఆయన నిర్ణయములన్నియు నిర్దోషములని చెప్పుట భక్తి యగును గాని వివేకము కాదు. 1891లో బాలికల సమ్మతివయస్సును పదినుండి పన్నెండేండ్లకు పెంచు శాసనము రాగా, పరప్రభుత్వము హిందువుల ఆచారములలో జోక్యము చేసికొనరాదని ఆయన ప్రతిఘటించెను. సంస్కర్తల వాదమే న్యాయమని నేటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. గీతారహస్యమును ప్రేమించువారు తరచుగా ఈ ఘట్టమును దాటవేయుదురు. ధర్మసంకటములు ఎంత జటిలములో, దుర్భిక్షమున శునకమాంసమునకు చేయి చాచిన విశ్వామిత్రుని ఉదాహరించి వివరించిన రచయిత తానును ఒక సంకటమున చిక్కెనని ఒప్పుకొనుటవలన ఆ గ్రంథమునకు లోపము రాదు.

1914లో విడుదలయైనప్పుడు వ్రాతప్రతి ప్రభుత్వము చేతిలో నుండిపోయెను. తిరిగి రాదేమో యని మిత్రులు కలతచెందగా, పుస్తకము వారివద్దనున్నను విషయము తన బుద్ధిలోనున్నదనియు, మరల వ్రాయగలననియు ఆయన చెప్పెను. అంత అవసరము కలుగలేదు. ప్రతి తిరిగి వచ్చి, 1915లో గ్రంథము అచ్చయ్యెను. 1916 జూలై 23న, షష్టిపూర్తి దినమున, మిత్రులు లక్షరూపాయల నిధిని సమర్పింపగా ఆయన దానిని దేశకార్యమునకే వినియోగింప నిశ్చయించెను. ఆ దినముననే స్వరాజ్యోపన్యాసములకుగాను సత్ప్రవర్తనకు 20,000 రూపాయల పూచీ చూపవలెనను ప్రభుత్వపు తాఖీదు చేతికందెను. తిలక్ దానిని పుచ్చుకొని, మరియొక వ్యాజ్యమునకు సిద్ధపడెను.