తాలు కాయలు

సంక్రాంతి దాటాక నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగితే చాలు, మిరప ఘాటు ముక్కుకు తగిలేది. కల్లంలో మా నాయనమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని తాలు కాయలు ఏరుతుండేది. చూపు పడీపడకముందే చెయ్యి తెల్లమచ్చ కాయను పట్టేసేది. "చెమ్మ కాయ ఒక్కటి టిక్కీలో పడితే పక్కవాటికీ బూజు పట్టిస్తుంది నాయనా" అనేది. ఆదివారం ఆరాధన నుంచి వస్తూ నా సావాసాల గురించీ అదే మాట చెప్పేది.

సంఘంలో సహవాసం అంటాం, వీధిలో సావాసం అంటాం. మాట ఒకటే. మనిషిని నిలబెట్టేదీ అదే, పడగొట్టేదీ అదే.

ఇంటరు రోజుల్లో సాగర్ కాలువ గట్టున ఒక పేకాట జట్టు చేరేది. మొదట ఆ పక్కగా నడిచి వెళ్లేవాణ్ణి. తర్వాత కాసేపు నిలబడి చూశాను. నెల తిరక్కుండానే ముక్క పట్టుకుని కూర్చున్నాను. మొదటి కీర్తన మొదటి వచనంలోనూ ఇదే వరస: నడవడం, నిలవడం, కూర్చోవడం. చిన్నప్పుడే కంఠస్థం చేసిన ఆ వచనం నా గురించేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

సొలొమోను కొడుకు రెహబాముకు పెద్దల సలహా రుచించలేదు. తనతో పెరిగిన కుర్రాళ్ల మాట విన్నాడు, పది గోత్రాలు పోగొట్టుకున్నాడు. రాజ్యం ఉన్నవాడి గతే అదైతే, పుస్తకాల సంచి తప్ప ఏమీ లేని నాబోటివాడి సంగతేమిటి?

నన్ను లేపింది ఒక స్నేహితుడు. మూడు సాయంత్రాలు వరసగా సైకిలేసుకుని గట్టు మీదికి వచ్చాడు. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద. "ప్రార్థనకు టైమవుతోంది, పోదాం రారా." తిట్టలేదు, నీతులు చెప్పలేదు, మా మధ్య కూర్చోనూ లేదు. మూడో రోజు ముక్కలు కింద పెట్టి వెనక సీటెక్కాను.

నన్ను తాలు కాయ అనుకుని అతను వదిలేసి ఉంటే? యేసు ప్రభువు జనం పాపి అన్న జక్కయ్య ఇంటికి వెళ్లాడు. ఆ పూట మారింది ప్రభువు కాదు, జక్కయ్య. ఆస్తిలో సగం బీదలకిచ్చేస్తానని లేచి నిలబడ్డాడు. ఎవరి పక్కన ఉన్నామన్నదొక్కటే చూస్తే చాలదు, ఎవరు ఎవరివైపు మారుతున్నారో చూసుకోవాలి.

మంచి సావాసానికి మతం హద్దు కూడా కాదు. మన పల్నాటి వినుకొండలో 1895లో క్రైస్తవ ఇంట పుట్టిన గుర్రం జాషువాకు చిన్ననాటి నేస్తం దీపాల పిచ్చయ్యశాస్త్రి. ఇద్దరూ కలిసి జంటకవిత్వం చెప్పాలనుకున్నారు. జంట పేరు పొసగక అది సాగలేదు గానీ, ఇద్దరూ కవులయ్యారు.

నాయనమ్మ తాలు కాయల్ని పారేసేది కాదు. వేరే బస్తాలో పోసి గుంటూరు యార్డుకు పంపేది. తక్కువే అయినా వాటికీ ఒక ధర పలికేది.

ఇప్పటికీ సాయంత్రం పూట కాలువ గట్టున కుర్రాళ్ల జట్టు కనబడితే బండి ఆపుతాను. దిగను. తెలిసిన పిల్లాణ్ణి పేరు పెట్టి పిలిచి, "ప్రార్థనకు టైమవుతోంది, పోదాం రారా" అంటాను. రాకపోతే మర్నాడు మళ్లీ వెళ్తాను.