రెండో జాడీ

మిక్సీకీ ప్రళయానికీ సంబంధం ఉందని ఎవరైనా అంటే మీరు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్నే, 2024 తొలి ఏకాదశి మర్నాటి దాకా.

ఆ వేళ గురువారం. ముందు రోజంతా ఉపవాసం ఉన్న మా వారు ద్వాదశి పారణకి పొద్దున్నే స్నానం చేసి సిద్ధంగా కూర్చున్నారు. ఉపవాసం చేసిన మగవాడి ఆకలి ఎలాంటిదో మీకు నేను వేరే చెప్పాలా? “అయిందా?” అని అప్పటికి నాలుగుసార్లు అడిగారు. పప్పయింది, కూరయింది, చారయింది. కొబ్బరి పచ్చడి ఒక్కటే తరువాయి. వంటింట్లో ప్లగ్గు ఆ వారమే కాలిపోయింది. ఇక మిగిలింది భోజనాల బల్ల దగ్గరున్నది. దానికేమో లాప్‌టాప్ తగిలించి ఉంది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ముప్ఫై అయిదు శాతం అయిందనీ, ఆఫ్ చెయ్యవద్దనీ ఇంగ్లీషులో రాసి ఉంది. అరగంట నుంచీ అదే ముప్ఫై అయిదు! దానికి తొందర లేదు. మా వారికి ఉంది. దాని ప్లగ్గు పీకేసి మిక్సీది పెట్టాను.

ఆ లాప్‌టాప్ మా అబ్బాయి బెంగుళూరు ఉద్యోగంలో కొత్తది కొనుక్కుని మాకు వదిలేసిన పాతది. బాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు తీగ ఉన్నంతసేపే దానికి ప్రాణం. ఆ సంగతి నాకు తెలియక కాదు. పచ్చడి తిరగేసే హడావిడిలో గుర్తు రాలేదు, అంతే.

సాయంత్రం మళ్ళీ పెడితే తెరంతా నీలం. మధ్యలో రెండు చుక్కలూ ఒక వంకర గీతా, మూతి ముడుచుకున్న మొహంలాగ. కాసేపటికి దానంతటదే ఆరి, వెలిగి, మరమ్మతుకు సిద్ధమవుతున్నానని చెప్పింది. చెప్పి, మళ్ళీ నీలం. మళ్ళీ మూతి ముడుపు. కొత్తకోడలు పుట్టింటి నుంచి తిరిగొచ్చిన మొదటి రోజులాగ, ఎంత బతిమాలినా ఉలకదు, పలకదు.

మర్నాడు శుక్రవారం, జూలై 19. మధ్యాహ్నం టీవీ పెట్టేసరికి ఎక్కడ చూసినా అదే నీలం తెర! విమానాలాగిపోయాయట. బ్యాంకులు, ఆస్పత్రులు నిలిచిపోయాయట. మన హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారట. మా వారు టీవీ వంకా నా వంకా మార్చి మార్చి చూసి, “చూశావుటోయ్, నీ కొబ్బరి పచ్చడి ఎంత పని చేసిందో!” అన్నారు.

అబ్బాయి ఫోన్లో నవ్వాడు. “అది వేరు, మనది వేరు అమ్మా. అక్కడ ఒక భద్రతా కంపెనీ పంపిన తప్పుడు ఫైలు ఒక్కటి మిషన్లలోకి వెళ్ళి కూర్చుంది. మనది అప్‌డేట్ మధ్యలో ఆగి, విండోస్ ఫైళ్ళు సగం సగం రాసి ఉండిపోయి ఉంటాయి. కాకపోతే జబ్బు లక్షణం ఒకటే. పొద్దున్న లేవదు.” తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ళే లెక్క చెప్పారు, అలా పడుకున్నవి సుమారు 85 లక్షల మిషన్లని. చాలా చోట్ల ఒక మనిషి ఒక్కొక్క మిషను దగ్గరికీ వెళ్ళి ఆ ఫైలు తీసెయ్యాల్సొచ్చిందట. ఎనభై అయిదు లక్షల మందిలో మనమూ ఒకరమనుకుంటే కొంత ఓదార్పు. కానీ వాళ్ళ మిషన్లలో మా అత్తగారు లేరు కదా!

అవును, మా లాప్‌టాప్‌లో మా అత్తగారు ఉన్నారు.

2019 వేసవిలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, నా ఫోన్లో ముప్ఫై ఏడు పాటలు రికార్డు చేశాను. మంగళహారతులు, తలుపు దగ్గర పాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాట. ఆవిడ దగ్గర పుస్తకం లేదు. అన్నీ గొంతులోనే. పాట మధ్యలో “అమ్మాయ్, కుక్కరు మూడోసారి కూస్తోంది, చెవులున్నాయా?” అని నన్ను కేకలేసిన సంగతి కూడా అందులోనే ఉంది. 2021లో ఆవిడ దాటిపోయారు. ఆ ఫోను ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేశాం. పాటలు లాప్‌టాప్‌లోకి ఎక్కించాం కదా అని ధీమా.

ఇక్కడ మీకో నిజం చెప్పాలి. ఏలూరులో ఉండే మా పెద్ద వదినగారు, అంటే మా వారి అక్కగారు, “అమ్మ పాటలు నాకూ ఇవ్వవే అమ్మాయ్” అని అప్పటికి మూడేళ్ళ నుంచి అడుగుతున్నారు. “అలాగే వదినగారూ” అని నేనూ మూడేళ్ళ నుంచి అంటూనే ఉన్నాను. తీరిక లేదని చెప్పానుగానీ అది కాదు కారణం. కన్నకూతురి దగ్గర లేనిది కోడలి దగ్గర ఉందన్న గొప్ప. పండక్కొచ్చినప్పుడల్లా నేను లాప్‌టాప్ తెరిచి ఒకటో రెండో పాటలు వినిపిస్తే, ఆవిడ నా ఎదురుగా కూర్చుని కళ్ళొత్తుకుంటూ వినడం. ఛీ, ఇలాంటివి రాసుకుంటేనే సిగ్గేస్తోంది!

శ్రావణంలో ఆవిడ మనవరాలి పెళ్ళి. అప్పగింతలప్పుడు ముత్తవ్వ పాట పెట్టాలని ఆ పిల్ల ముచ్చట. “పెళ్ళినాటికి తెస్తాగా” అని నేను మాటిచ్చి పదిరోజులు కాలేదు.

శనివారం లాప్‌టాప్ చంకన పెట్టుకుని బజార్లో ఒక షాపుకి వెళ్ళాను. ఆ అబ్బాయి రెండుసార్లు మీట నొక్కి చూసి, “ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్. గంటలో ఇచ్చేస్తా” అన్నాడు. అంటే ఏమిటని అడిగితే, అంతా తుడిచేసి విండోస్ కొత్తగా వెయ్యడమట.

“లోపల పాటలున్నాయి నాయనా.”

“పాటలేగా మేడమ్, యూట్యూబ్‌లో దొరుకుతాయి.”

మా అత్తగారు యూట్యూబ్‌లో దొరకరని అతనికెలా చెప్పను? లాప్‌టాప్ లాక్కున్నంత పనిచేసి ఇంటికొచ్చేశాను. ఇల్లు తుడవడం, తుడిచెయ్యడం ఒకటి కాదని మనబోటి వాళ్ళకి తెలిసినంతగా ఆ షాపులవాళ్ళకి తెలియదనుకుంటాను.

మా పై వాటాలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే అమ్మాయి ఉంది. ఆదివారం పొద్దున్న ఆ పిల్ల వచ్చి, నా మొహం చూసి ముందు నాకే ధైర్యం చెప్పింది. “ఆంటీ, పాడైంది ఇంటి తాళం. ఇంట్లో సామాను అలాగే ఉండి ఉంటుంది. ముందు కిటికీలోంచి సామాను తెచ్చేసుకుందాం. తాళం సంగతి తర్వాత.”

ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ అనేది తన లాప్‌టాప్‌లో తయారుచేసి తెచ్చింది. మా దానికి తగిలించి, వెలిగీ వెలగకముందే ఒక మీట నొక్కి, లోపలి విండోస్‌ని కాదని ఈ పెన్‌డ్రైవ్‌తో లేపింది. నీలం లేదు, మూతి ముడుపు లేదు. వేరే మనిషిలాగ నిమ్మళంగా లేచింది! కొన్ని మిషన్లకి లోపలి డిస్కుకే తాళం వేసి ఉంటుందట. అది తియ్యడానికి 48 అంకెల తాళంచెవి అడుగుతుందట. మీ మిషనుకి అలాంటిది ఉంటే ముందే ఒక కాగితం మీద రాసి దాచుకోండి. మాది పాతది గనక ఆ గొడవ లేకపోయింది.

ఆ పిల్ల ఒక్కొక్క అరా తెరుస్తుంటే నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అబ్బాయి మార్కుల కాగితాలు, మా వారి పెన్షను కాగితాలు, తిరుపతి ఫొటోలు. చివరికి ‘అత్తగారు’ అన్న పేరు కనిపించింది. ఒకటి నొక్కింది. “అమ్మాయ్, కుక్కరు…” అన్న కేక ఇల్లంతా వినిపించింది. ఆవిడ బతికుండగా ఆ కేకకి ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆ పూట మాత్రం చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. కుక్కరు చూడ్డానికి కాదు.

పాటలన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిన తర్వాతగాని ఆ అమ్మాయి మరమ్మతు జోలికి పోలేదు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ పెట్టి తెచ్చింది. కొత్తగా వెయ్యాలా, ఉన్నదాన్ని బాగుచెయ్యాలా అని అది అడిగితే బాగుచెయ్యమంది. దానంతటది చేసుకునే మరమ్మతు మొదట ప్రయత్నించింది. నావల్ల కాదంది. అప్పుడు ఒక నల్లతెర తెరిచి, ముందు డిస్కు బాగుందో లేదో చూసి, ఎస్ఎఫ్‌సీ అంటూ ఏదో పొడుగాటి ఆజ్ఞ టైపు చేసింది.

“ఇదేం చేస్తుందే తల్లీ?”

“విండోస్ తన ముఖ్యమైన ఫైళ్ళకి ఇంకో ప్రతి ఒక మూల దాచి ఉంచుకుంటుంది ఆంటీ. ఇప్పుడు ఒక్కొక్క ఫైలూ చూసుకుంటూ వెళ్ళి, పాడైపోయిన దాని చోట ఆ దాచిన మంచిది పెడుతుంది. ఆ దాచినది కూడా పాడైతే అప్పుడు కొత్తగా వేసుకోవడమే గతి.”

ఆ మాటతో నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి వేసవి గుర్తుకొచ్చింది.

నేను కాపరానికొచ్చిన మొదటి ఏడు. మా అత్తగారు ఏటా ఆవకాయ రెండు జాడీలు పెట్టేవారు. ఒకటి మా ఇంట్లో, రెండోది ఏలూరులో కూతురింట్లో. కూతురి మీద ప్రేమ కొద్దీ పంపుతున్నారని నేను లోలోపల కాస్త కుళ్ళుకున్నాను కూడా. ఆ ఏడు శ్రావణానికే మా జాడీలో బూజు పట్టింది. తడి గరిటె పెట్టింది నేనే. వణికిపోతూ చెప్పాను. ఆవిడ పల్లెత్తు మాటనలేదు. మర్నాడు ఏలూరు రైలెక్కి, సాయంత్రానికి చిన్న జాడీ నిండా ఆవకాయ తెచ్చి అటక మీద పెట్టారు. “అన్నీ ఒక్కచోటే పెట్టుకోకూడదే అమ్మాయ్. ఇక్కడిది పోతే అక్కడ ఉంటుంది, అక్కడిది పోతే ఇక్కడ ఉంటుంది” అన్నారు. చదువుకోని ఆవిడకి తెలిసింది డిగ్రీ చదివిన నాకు, ఆవిడ గొంతు విషయంలోనే తెలియకపోయింది.

అరగంటకి నల్లతెర మీద, పాడైన ఫైళ్ళు దొరికాయనీ బాగుచేశాననీ వచ్చింది. పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ లేపితే, లాప్‌టాప్ ఏమీ జరగనట్టు మామూలుగా లేచింది. ఆ అమ్మాయికి వేడివేడిగా పెసరట్లు వేసి పెట్టాను. మా వారు ఆ ప్లగ్గుకి ‘మిక్సీ నిషేధం’ అని కాగితం అంటించారు. వంటింటి ప్లగ్గు బాగుచేయించడం మాత్రం మరో వారం పట్టింది లెండి.

పెళ్ళి దాకా ఆగలేదు నేను. మంగళవారం పొద్దున్నే బెజవాడలో రైలెక్కి ఏలూరు వెళ్ళి, పెన్‌డ్రైవ్ వదినగారి చేతిలో పెట్టాను. “ఇన్నాళ్ళూ కావాలనే ఇవ్వలేదు వదినగారూ” అని చెప్పేశాను. ఆవిడ నా మొహంలోకి చూసి, “తెలుసులేవే” అన్నారు. అంతే. తల్లికి తగ్గ కూతురు!

ముప్ఫై ఏడు పాటలూ ఆ మధ్యాహ్నం వరసగా విన్నాం. కుక్కరు కేక వచ్చినప్పుడు ఇద్దరం ఒక్కసారే నవ్వాం. తర్వాత ఆవిడ ఆ పెన్‌డ్రైవ్‌ని చిన్న గాజుసీసాలో వేసి, మూతికి గుడ్డ వాసెన కట్టి, అలమారలో పై అరలో పెట్టారు.

“జాగ్రత్తే అమ్మాయ్,” అన్నారు నావైపు తిరిగి, “నీ దగ్గరున్న దాన్ని తడి చేత్తో ముట్టుకోకు.”